7.3 పవర్‌స్ట్రోక్ టర్బో మొరుగుతోంది, కంప్రెసర్ వీల్ మారిస్తే పోతుందా?

గడ్డిమోపు (డెంటన్, టెక్సస్)

అందరికీ నమస్తే. వారమంతా కంప్యూటర్ ముందు, శని ఆదివారాలు మేకల ముందు గడిపే మనిషిని. డెంటన్‌కి ఉత్తరాన కాస్త నేల కొన్నాం, పద్దెనిమిది మేకలున్నాయి. గడ్డి తెచ్చుకోవడానికి రెండేళ్ల కిందట 2002 ఫోర్డ్ ఎఫ్-250 తీసుకున్నాను. 7.3 లీటర్ల పవర్‌స్ట్రోక్ డీజిల్ ఇంజన్, ఆటోమేటిక్. నాకంటే ముందు నడిపినాయన డీజిల్ ఎక్కువ పడేలా చేసే చిప్ పెట్టించాడు, పెద్ద ఎయిర్ ఫిల్టర్, నాలుగంగుళాల సైలెన్సర్ పైపు వేయించాడు. టర్బో (ఎగ్జాస్ట్ తోపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నొక్కి పంపేది) మాత్రం బండితో వచ్చిన జీటీపీ38 మోడలే.

ఖాళీగా నడిపితే ఏ గొడవా లేదు. ట్రెయిలర్ మీద ఎనిమిది గడ్డి చుట్టలు వేసుకుని ఎత్తు ఎక్కేటప్పుడు, 1800 ఆర్‌పీఎం దగ్గర కాలు నొక్కితే ముందు నుంచి ఛఫ్ ఛఫ్ ఛఫ్ అని వస్తుంది. టర్బో గాలి ఒత్తిడి చూపే బూస్ట్ మీటర్ ముల్లు 20 పీఎస్‌ఐ దగ్గర జ్వరమొచ్చినట్టు వణుకుతుంది. టక్కున కాలు తీస్తే కుక్క మొరిగినట్టు రెండు మూడు సార్లు మొరిగి ఆగుతుంది.

ఇది సర్జ్ (టర్బోలో గాలి వెనక్కి తన్నడం) అనీ, గాలిని నొక్కే కంప్రెసర్ వీల్ మార్చమనీ ఇక్కడ అందరూ అంటున్నారు. టర్బో మొత్తం కొనడం కంటే వీల్ చాలా చవక. 66 మి.మీ. బిల్లెట్ వీల్ ఒకటి చూసి కార్ట్‌లో పెట్టుకున్నాను. కొనేయమంటారా? ఇంట్లో చేసుకోగలిగే పనేనా?

సందేహాల శీను

అన్నా, వీల్ మారిస్తే హెచ్‌పీ ఎంత పెరుగుతుంది?

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)

గడ్డిమోపు తమ్ముడూ, ఆ కార్ట్ సంగతి కాసేపు పక్కన పెట్టు. మీరు వీల్ అనేదాన్ని మా షెడ్లలో ముందు ఫ్యాను అంటాం. ఎగ్జాస్ట్ వైపుది వెనక ఫ్యాను. ముప్ఫై ఏళ్లుగా లారీ టర్బోలు విప్పుతున్నాను, మీ ఫోర్డ్ బండి నా చేతికి ఎప్పుడూ రాలేదు. అయినా టర్బో టర్బోనే.

ఇంజన్ బాగా చల్లారాక గాలి పైపు ఊడదీసి, ఫ్యాను మధ్యలో ఉండే నట్టుని రెండు వేళ్లతో పట్టుకో. పైకీ కిందకీ కదుపు. కొంచెం ఆడుతుంది, భయపడకు. అందులో బుష్షులు ఆయిల్ పొర మీద తేలుతూ తిరిగేవి, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆ మాత్రం సందు ఉంటుంది. ఇప్పుడు లోపలికి తోసి బయటికి లాగు. అక్కడ టిక్కు టిక్కుమని చేతికి తెలిసిందంటే, షాఫ్టు ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ అరిగినట్టే. సర్జ్ మొదట తినేది దాన్నే. తర్వాత టార్చ్ వేసి రెక్కల అంచులు, చుట్టూ ఉన్న హౌసింగ్ గోడ చూడు. గోడ మీద మెరుస్తున్న గీత కనబడితే ఫ్యాను రాసుకుంటోందని అర్థం. అప్పుడు ఫ్యాను ఒక్కటీ మార్చి లాభం లేదు, కోర్ (షాఫ్టు, బేరింగులు, ఫ్యాన్లు ఉన్న మధ్య భాగం) మొత్తం దించాలి.

ఇంకోటి. గాలి పైపులన్నీ ఎక్కడా లీకు లేకుండా ఉన్నాయా? అది చూడకుండా టర్బోని తిట్టేవాళ్లే నా దగ్గరికి ఎక్కువ వస్తారు.

మ్యాపు మాస్టారు (ఇండియానా)

బాబాయ్ గారు చెప్పినవి ముందు చూడండి. నేను కంప్రెసర్ల మీద పనిచేస్తాను, కంపెనీ పేరు వద్దు. గడ్డిమోపు గారూ, మీరు చూసిన 66 మి.మీ. వీల్‌తో మీ జబ్బు తగ్గకపోగా ముదిరే అవకాశమే ఎక్కువ. ఎందుకో చెబుతాను.

బావి దగ్గర మోటారు నడుస్తుండగా అవతల వాల్వ్ మూసేస్తే పైపు ఎలా ఎగిరెగిరి పడుతుందో చూశారు కదా. ఇంచుమించు అలాంటిదే. అవతల ఇంజన్‌కి గాలి పంచే మానిఫోల్డ్‌లో ఒత్తిడి పెరిగిపోయింది, ఇంజన్ మాత్రం అంత గాలి తాగడం లేదు. రెక్కలు ఆ ఒత్తిడికి ఎదురు నిలబడలేక పట్టు వదిలేస్తాయి. గాలి వెనక్కి తన్నుతుంది. అవతల ఒత్తిడి పడగానే మళ్లీ పట్టు దొరుకుతుంది, మళ్లీ వదిలేస్తుంది. మీరు విన్న ఒక్కో ‘ఛఫ్’ ఒక్కో తన్ను.

లెక్క చూడండి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. 7.3 లీటర్లు, 1800 చుట్లు అంటే నిమిషానికి 6,570 లీటర్లు. అదే 2800 దగ్గర 10,220. చిప్ పుణ్యమా అని 1800 దగ్గరే డీజిల్ ఎక్కువ పడుతోంది, ఎగ్జాస్ట్ వేడి పెరిగి టర్బో జోరుగా తిరిగి 20 పీఎస్‌ఐ చేసేస్తోంది. ఒత్తిడేమో పైగేర్లో ఉంది, గాలి వాడకమేమో కిందిగేర్లో ఉంది. ఖాళీ బండిలో ఆ స్థితి నిలవదు, వేగం ఎక్కేస్తుంది. గడ్డి లాగేటప్పుడు అక్కడే కూర్చుంటుంది.

ఇక సైజు సంగతి. గాలి లోపలికి వెళ్లే చోట వీల్ వ్యాసం ఇండ్యూసర్, బయటికి తోసే చోట ఎక్స్‌డ్యూసర్. మొదటిదాని వర్గాన్ని రెండోదాని వర్గంతో భాగించి వందతో గుణిస్తే వచ్చేది ట్రిమ్. మీది 60/88 అయ్యుండాలి, అంటే ట్రిమ్ సుమారు 46. మిగతాదంతా అలాగే ఉంచి ఇండ్యూసర్ పెంచితే ఎక్కువ ఆర్‌పీఎంలో గాలి బాగా వస్తుంది కానీ సర్జ్ గీత మాత్రం కంప్రెసర్ మ్యాపులో (గాలి ఎంత, ఒత్తిడి ఎంత అని చూపే పటం, ఆ గీతకి ఎడమ పక్కన పడితే సర్జ్) కుడివైపుకి, అంటే మీ 1800 వైపుకి జరుగుతుంది. పైగా 66 పట్టాలంటే హౌసింగ్‌ని లేత్ మీద కోయించాలి. లేదంటే పెద్ద కవర్ కొనాలి.

మీకు కావలసింది అదే 60 సైజులో రెక్కల వంపు మార్చి చేసిన వీల్. బయటి అంచు దగ్గర రెక్క వెనక్కి ఎక్కువ వాలి ఉంటే తక్కువ గాలిలో కూడా పట్టు నిలుస్తుంది. ఈ ఇంజన్ కోసం అలాంటివి అమ్ముతున్నారు, వివరాల్లో ‘సర్జ్ తగ్గించడానికి’ అని ఉంటుంది. బిల్లెట్ అన్న మాట చూసి పడిపోకండి. బిల్లెట్ అంటే అల్యూమినియం దిమ్మెని సీఎన్‌సీ మీద చెక్కింది, పోతపోసింది కాదు అని. లోహం గట్టిది, మధ్య దిమ్మ సన్నగా పెట్టుకోవచ్చు. రెక్క ఆకారం బాగాలేకపోతే బంగారంతో చెక్కినా అది మొరుగుతూనే ఉంటుంది.

సందేహాల శీను

మాస్టారూ, అర్థమైంది. కానీ హెచ్‌పీ?

వీక్రాస్ నెల్లూరు

నా దగ్గర ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ ఉంది, 1.9 లీటర్ల బీఎస్6. మన శ్రీసిటీ ఫ్యాక్టరీలో చేసిందే. దీనికీ ఇలాంటి వీల్ దొరుకుతుందా? సర్జ్ ఏమీ లేదు, ఊరికే ఆసక్తి.

మ్యాపు మాస్టారు (ఇండియానా)

లేని రోగానికి మందు ఎందుకండీ. మీది వేరియబుల్ జామెట్రీ టర్బో. వెనకవైపు రేకులు ఎంత తెరవాలో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) నిర్ణయిస్తుంది, ఆ నిర్ణయం ఉన్న వీల్‌ని లెక్కలో పెట్టుకుని రాసుకున్నది. వీల్ మారిస్తే దాని అంచనాలు తప్పుతాయి. పైగా పొగ వడపోసే డీపీఎఫ్ ఉంది, దాని లెక్కలు వేరు. బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, వారంటీ కూడా గుర్తుంచుకోండి. గడ్డిమోపు గారి 2002 బండిలో డీపీఎఫ్ లేదు, టర్బోకి మామూలు వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్‌ని పక్కకి వదిలే తలుపు). అందుకే అది ఇంకా చేత్తో విప్పి చూసుకునే బండి.

హ్యూస్టన్ రెంచి

అలాగని ఇక్కడ చట్టం లేదనుకోకండి. టెక్సస్‌లో డీజిల్ బండ్లకు పొగ పరీక్ష లేదు, 2025 జనవరి నుంచి సొంత బండ్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా తీసేశారు. ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ మాత్రం ఎక్కడికీ పోలేదు. కాలిఫోర్నియాలో ఉంటే ఆమోదం నంబర్ ఉన్న పార్ట్ అయితేనే ముట్టుకోవాలి.

నేనూ 7.3 మనిషినే. ఇప్పటికి మూడు బండ్లకి వీల్స్ మార్చాను, అన్నీ మా గరాజ్‌లోనే. పాతది తీశాం, కొత్తది పెట్టాం, అంతే. బ్యాలెన్సింగ్ అదీ ఇదీ అని డబ్బు తగలేయకండి. కొత్త వీల్ ఎలాగూ ఫ్యాక్టరీలో బ్యాలెన్స్ చేసే వస్తుంది.

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)

రెంచి బాబూ, నీ మూడు బండ్లూ బాగా నడుస్తున్నాయంటే సంతోషం. కానీ ఆ మాట అందరికీ చెప్పకు. ఫ్యాను ఒక్కదాన్నీ బ్యాలెన్స్ చేయడం వేరు, షాఫ్టుకి ఎక్కించి నట్టు బిగించాక మొత్తాన్ని చేయడం వేరు. పాత ఫ్యాను నట్టు మీద చిన్న కోత కనబడుతుంది చూడు. అంతా బిగించాక బరువు సరిచేయడానికి అక్కడ అరగదీసింది అది. ఆ నట్టునే తీసి కొత్త ఫ్యాను మీద పెడితే ఆ కోత ఇప్పుడు ఎటు తిరిగి ఉందో ఎవరికి తెలుసు?

హ్యూస్టన్ రెంచి

బాబాయ్, గ్రాములో పదో వంతు తేడాకి ఇంత టెన్షనా?

మ్యాపు మాస్టారు (ఇండియానా)

ఆ పదో వంతు గ్రాముకే లెక్క కడదాం. మధ్య నుంచి 30 మి.మీ. దూరంలో 0.1 గ్రాము ఎక్కువ ఉందనుకోండి, షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతోంది. ఆ చిటికెడు లోహం షాఫ్టుని సుమారు 33 కిలోల బరువుతో పక్కకి లాగుతుంది. అదీ ప్రతి చుట్టుకీ, అంటే సెకనుకి 1,660 సార్లకు పైగా. 88 మి.మీ. వీల్ అంచు ఆ వేగంలో సెకనుకి 460 మీటర్లు పోతుంది. గాలిలో శబ్దం వేగం 340 మాత్రమే.

అయితే రెంచి గారు చెప్పింది పూర్తిగా తప్పూ కాదు. మంచి తయారీదారులు వీల్‌నీ షాఫ్టునీ విడివిడిగా చాలా గట్టి కొలతకి బ్యాలెన్స్ చేస్తారు, అలాంటివి కలిపితే చాలాసార్లు సరిపోతుంది. ‘చాలాసార్లు’ అన్నది మీకు చాలునా లేదా అన్నది మీ జేబుని బట్టి. నేనైతే విప్పిన కోర్‌ని ఊళ్లో టర్బో షాపుకి ఇచ్చి చూపించుకుంటాను.

గడ్డిమోపు (డెంటన్, టెక్సస్)

వారం తర్వాత వచ్చాను. 66 వీల్ కార్ట్‌లోంచి తీసేశాను, మాస్టారూ బతికించారు.

బాబాయ్ చెప్పినట్టు షాఫ్టు చూశాను. పైకీ కిందకీ కొంచెం ఆడింది, లోపలికీ బయటికీ చేతికి ఏమీ తెలియలేదు. గోడ మీద గీతలు లేవు. తర్వాత లీక్ టెస్ట్. పీవీసీ మూతకి టైరు వాల్వ్ బిగించి టర్బో నోట్లో పెట్టి, టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్‌తో 15 పీఎస్‌ఐ గాలి కొట్టాను. గిన్నెలు తోమే సబ్బు నీళ్లు స్ప్రే చేస్తూ పోతే, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దగ్గర రబ్బరు బూట్‌లో, సరిగ్గా క్లాంప్ కింద, వేలి గోరంత చీలిక. క్లాంప్ కప్పేయడం వల్ల బయటికి కనబడదు. బుడగలు మాత్రం ఇడ్లీ పాత్ర పొంగినట్టు పొంగాయి.

కొత్త బూట్లు, టీ-బోల్ట్ క్లాంపులు వేశాను. పనైపోయిందనుకుని గడ్డికి వెళ్లాను. బూస్ట్ మూడు పీఎస్‌ఐ పెరిగింది. మొరగడం కూడా పెరిగింది! ఇదేం న్యాయం?

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)

హహ్హ! టీ తాగుతూ చదివి కుర్రాళ్లకి కూడా చదివి వినిపించాను. తమ్ముడూ, ఇన్నాళ్లూ ఆ చిల్లే నీకు సేఫ్టీ వాల్వ్. గాలి అక్కడి నుంచి కారిపోతూ ఉంటే ఒత్తిడి తగ్గి ఫ్యాను కొంత ఊపిరి పీల్చుకునేది. ఇప్పుడు మూత బిగించావు. పైపులన్నీ బాగున్నాయి కాబట్టి రోగం ఫ్యాను దగ్గరే ఉందని ఇప్పుడు ధైర్యంగా అనొచ్చు.

మ్యాపు మాస్టారు (ఇండియానా)

వీల్ కొనేముందు ఇంకో మాట. చిప్ వేసిన షాపులో 2000 లోపు డీజిల్ కాస్త తగ్గించమని అడిగి చూడండి, ఖర్చు లేని మందు. ఎగ్జాస్ట్ వేడి చూపించే పైరోమీటర్ ఉందా? లేకపోతే వీల్ కంటే ముందు అది కొనండి. టర్బోకి ముందు కొలిచిన వేడి 1250 ఫారెన్‌హీట్, అంటే 675 సెల్సియస్ చుట్టుపక్కల దాటకుండా చూసుకోవడం ఈ ఇంజన్ నడిపేవాళ్ల పద్ధతి. సర్జ్ అవుతున్నప్పుడు గాలి తగ్గి డీజిల్ అలాగే పడుతుంది కాబట్టి వేడి ఎక్కుతుంది. పిస్టన్లు అల్యూమినియంవి.

గడ్డిమోపు (డెంటన్, టెక్సస్)

పైరోమీటర్ బిగించాను. ఎత్తులో సర్జ్ అయినప్పుడు 1300 చూపించింది, చూడగానే కాలు దానంతట అదే పైకి లేచింది. చిప్ షాపుకి వెళితే ‘ఇది మేం రాసిన ఫైలు కాదు, ముట్టుకోం’ అన్నారు. కొత్త ఫైలు రాయించుకునే ఖర్చుకి వీల్ వచ్చేస్తుంది. వీల్‌కే ఆర్డర్ పెట్టాను, 60 మి.మీ.దే.

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)

అయితే నాలుగు మాటలు విను. విప్పకముందే పాత ఫ్యాను, నట్టు, షాఫ్టు మూడింటి మీదా కలిసేలా పెయింట్ పెన్నుతో ఒకే గీత గియ్యి. రేపు కొత్తది నచ్చకపోతే పాతది ఉన్నదున్నట్టు పెట్టుకోవచ్చు. నట్టు విప్పేముందు మర ఎటుందో చూసుకో. చాలా టర్బోలకి ఎడమ మర ఉంటుంది, తిరిగేకొద్దీ బిగుసుకోవాలని. తెలియక మామూలుగా తిప్పి షాఫ్టు కొస విరగ్గొట్టినవాళ్లని చూశాను.

షాఫ్టు తిరగకుండా ఆపడానికి వెనక ఫ్యాను మధ్యలో దిమ్మ ఉంటుంది, దాన్ని సాకెట్‌తో పట్టుకో. రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చావో, చచ్చావే. ఒక్క రెక్క వంగినా కథ కంచికి. కొత్త ఫ్యాను బిగుతుగా ఉంటే సుత్తి తీయకు, వేడి నీళ్లలో కాసేపు ఉంచి, శుభ్రంగా తుడిచి ఎక్కించు.

హ్యూస్టన్ రెంచి

ఒకటి నా ఖాతాలోంచి. టర్బోకీ కింద దాన్ని మోసే పెడెస్టల్‌కీ మధ్య రెండు ఓ-రింగులుంటాయి, ఒకటి ఆయిల్ వచ్చేది, ఒకటి దిగిపోయేది. పాతవి మళ్లీ వాడకు. పైన పనిచేసేటప్పుడు కింద ఇంజన్ మధ్యలోని వీ ఆకారపు లోయలో పాత తువ్వాలు పరిచి పెట్టు. ఆ లోయలో పడ్డ నట్టు దొరకదు, అనుభవం.

గడ్డిమోపు (డెంటన్, టెక్సస్)

మూడు వారాల తర్వాత. పని అయింది, కాకపోతే రెండుసార్లు అయింది.

మొదటి శనివారం టర్బో దించడానికే మధ్యాహ్నం దాటింది. ఎగ్జాస్ట్ క్లాంపు తుప్పు పట్టి కదలనంది. దానికి నూనె కొట్టి, మేకలకి నీళ్లు పెట్టి వచ్చి, మళ్లీ కొట్టి, మొత్తానికి ఊడింది. కోర్‌ని టర్బో షాపులో ఇచ్చి కొత్త వీల్ ఎక్కించి బ్యాలెన్స్ చేయించాను (రెంచి అన్నా, క్షమించు). అతను నట్టు కూడా కొత్తది వేశాడు. పాత వీల్ చేతికిచ్చి చూడమన్నాడు. ముందు రెక్కల అంచులు కత్తిలా ఉండాల్సింది, గోరుతో తడిమితే సన్నటి రంపపు పళ్లలా తగిలాయి. ఆ పెద్ద ఫిల్టర్ మూత సరిగ్గా కూర్చోక కొన్నేళ్లుగా దుమ్ము తింటోందట. బిగించేముందు దాని సీలు కూడా మార్చాను.

రెండో శనివారం ఎక్కించాను. బండి స్టార్ట్ చేసి, గర్వంగా ఇంటావిడని పిలిచి చూపిస్తుంటే, ‘కింద ఆ నల్లటిదేంటి?’ అంది. గేర్‌బాక్స్ ముందు భాగం నుంచి ఆయిల్ ధారగా కారుతోంది. కట్టేసి మళ్లీ టర్బో లేపాను. కొత్త ఓ-రింగుల్లో ఒకటి టర్బో కింద నలిగి తెగిపోయి ఉంది. గాడిలో కూర్చోకముందే బోల్టు బిగించేశాను. ఈసారి రింగులకి కొంచెం గ్రీజు రాసి గాడిలో అంటించి దించాను. చుక్క కారలేదు.

నిన్న అవే ఎనిమిది చుట్టలు, అదే ఎత్తు. 1800 దగ్గర కాలు నొక్కితే ముల్లు 22 దాకా వెళ్లి నిలబడింది, వణుకు లేదు. వేడి 1150 దగ్గర ఆగింది. కాలు టక్కున తీసినా బుస్సుమని ఊరుకుంది, మొరగలేదు. ఈల మాత్రం కాస్త గట్టిగా ఉంది. గేటు దాకా రాకముందే మేకలకి తెలిసిపోయి కంచె దగ్గరకి వచ్చేస్తున్నాయి.

మ్యాపు మాస్టారు (ఇండియానా)

చాలా బాగుంది. ఎండాకాలం కొలరాడో వైపు ట్రెయిలర్‌తో వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం రాటన్ పాస్ కొండదారి దగ్గర చూసుకోండి. 7,800 అడుగుల పైన బయటి గాలి ఒత్తిడి 11 పీఎస్‌ఐ ప్రాంతంలో ఉంటుంది. మీటర్‌లో అదే 22 చూపించినా, బయటి గాలితో పోలిస్తే లోపలి ఒత్తిడి మీ దగ్గర రెండున్నర రెట్లు, అక్కడ మూడు రెట్లు. మీ దగ్గర పోయిన సర్జ్ అక్కడ పలకరించవచ్చు. కాలు కొంచెం తేలిగ్గా పెట్టి, గేరు ఒకటి దించి ఆర్‌పీఎం పెంచండి.

సందేహాల శీను

అన్నా, మరి హెచ్‌పీ ఎంత పెరిగింది?

గడ్డిమోపు (డెంటన్, టెక్సస్)

సున్నా శీనూ. పెరిగినా నాకు తెలియలేదు.

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)

ఆ పాత ఫ్యాను పారేయకు తమ్ముడూ. సంక్రాంతికి వస్తే పట్టుకురా, ఫిల్టర్ మూత సరిగ్గా పెట్టని కుర్రాళ్లకి వేలితో తడిమించి చూపిస్తాను.

గడ్డిమోపు (డెంటన్, టెక్సస్)

కష్టం బాబాయ్. మా పాప దాని మధ్యలో పెన్సిల్ దూర్చి బొంగరం చేసుకుంది. బ్యాలెన్స్ మాత్రం బ్రహ్మాండంగా ఉంది.